ధర్మకర్తల చేతిలో బంతి: నూలుమిల్లుల ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర

ఇంగ్లండు వాయవ్య ప్రాంతంలో, లాంకషైర్ కౌంటీ కొండల నడుమ ఉన్న బ్లాక్‌బర్న్ పట్టణానికీ రాయలసీమ నల్లరేగడి నేలలకూ సంబంధం ఉందంటే మొదట నమ్మశక్యంగా తోచదు. కానీ పందొమ్మిదో శతాబ్దంలో ఆ పట్టణపు మరమగ్గాల మీద నేసిన ధోవతులు ఓడలెక్కి వచ్చి భారతదేశపు సంతలను నింపినప్పుడు దెబ్బతిన్న నేతగాళ్లలో ఎమ్మిగనూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల వారు కూడా ఉన్నారు. 2010 నవంబరులో అదే పట్టణం ప్రాణంగా చూసుకునే ఫుట్‌బాల్ క్లబ్బు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది తెలుగువాడైన బండా వాసుదేవరావు స్థాపించిన కోళ్ల పరిశ్రమ సంస్థ. 1875లో పుట్టిన ఆ క్లబ్బు చరిత్రను పత్తి ధరతో, కూలి డబ్బుతో, ఊరి అభిమానంతో కలిపి చదివినప్పుడు, ఒక ఊరు తరతరాలుగా తనదనుకున్న సంస్థకు నిజంగా యజమాని ఎవరు అన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

పత్తి, మరమగ్గం, శనివారం మధ్యాహ్నం

బ్లాక్‌బర్న్ పరిసరాలు యంత్ర యుగానికి ముందే నేతకు ప్రసిద్ధి. ఒకేసారి అనేక పోగులు వడికే ‘స్పిన్నింగ్ జెన్నీ’ యంత్రాన్ని 1764 ప్రాంతంలో రూపొందించిన జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఆ ఊరి పొరుగు పల్లెలో ఉండేవాడు. తమ కూడు పోతుందని భయపడిన స్థానిక వడుకువాళ్లు 1768లో అతని యంత్రాలను విరగ్గొట్టడంతో అతడు ఊరు విడిచి నాటింగ్‌హామ్‌కు వెళ్లిపోయాడు. అంటే యంత్రం దెబ్బను భారతీయ నేతగాళ్ల కంటే ముందే ఆ ఊరి చేతివృత్తుల వారు రుచి చూశారు. ఆ తరువాత ఆవిరి యంత్రాలు, లీడ్స్ నుంచి లివర్‌పూల్ దాకా తవ్విన కాలువ, రైలు మార్గాలు వచ్చి, పందొమ్మిదో శతాబ్దం నడుమకు బ్లాక్‌బర్న్ పొగగొట్టాల పట్టణంగా మారింది. అక్కడి మిల్లులు ప్రత్యేకించి భారతదేశానికి ఎగుమతి చేసే ధోవతుల నేతలో ఆరితేరాయి.

ఆ పట్టణం బతుకు దూరదేశపు పత్తి మీద ఆధారపడింది. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి రాక నిలిచిపోయినప్పుడు లాంకషైర్ మిల్లులు మూతపడి లక్షలమంది పస్తులున్నారు. చరిత్రలో దీనికే ‘పత్తి కరువు’ అని పేరు. ఆ లోటు తీర్చడానికి భారతదేశపు పత్తికి గిరాకీ పెరిగి, దక్కను రైతులు కొన్నేళ్లపాటు మంచి ధరలు చూశారు. కాలక్రమంలో నంద్యాల లోయ పత్తిని ‘నార్తర్న్స్’ అనీ, బళ్లారి, ఆదోని వైపు పత్తిని ‘వెస్టర్న్స్’ అనీ వర్తకులు పిలిచేంతగా సీమ పత్తికి సొంత పేర్లు స్థిరపడ్డాయి. పత్తి ఇక్కడి పొలంలో, మగ్గం అక్కడి మిల్లులో, కట్టుకొనేవాడు మళ్లీ ఇక్కడి పల్లెలో ఉన్న ఆ వ్యాపార చక్రం నడుమనే ఆ ఊరి ఫుట్‌బాల్ పుట్టింది.

ఆటకు తీరిక కావాలి, ఆ తీరికను చట్టం ఇచ్చింది. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం నూలు, నేత మిల్లుల్లో స్త్రీలు, బాలుర పనిని శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆపాలని నిర్దేశించగా, వారి పని ఆగితే మిల్లే ఆగుతుంది కాబట్టి, పురుషులకూ ఆ పూట సెలవు దొరికింది. ఆదివారం చర్చికి, శనివారం మధ్యాహ్నం ఆటకు అన్న వారపు లయ అలా ఏర్పడింది. ఇంగ్లండులో ఇప్పటికీ శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మ్యాచ్ మొదలవడం అనే అలవాటుకు మూలం మిల్లు గేటు దగ్గర ఉంది.

చెరువు మీద పలకలు పరిచిన మైదానం

1863లో లండన్‌లో ఏర్పడిన ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఆటకు ఉమ్మడి నిబంధనలు రాసిన సంఘం, తొలుత ప్రభువర్గాల బడుల్లో చదువుకున్న యువకుల సంస్థగా ఉండేది. ఆ బడుల ప్రభావమే బ్లాక్‌బర్న్‌కూ చేరింది. ష్రూస్‌బరీ పాఠశాలలో చదివిన జాన్ లూయిస్, ఆర్థర్ కాన్‌స్టంటైన్ అనే యువకుల పూనికతో 1875 నవంబరు 5న సెయింట్ లెజర్ హోటల్‌లో పదిహేడుమంది సమావేశమై క్లబ్బును నెలకొల్పారు. సంచారులు అని అర్థమిచ్చే ‘రోవర్స్’ అనే పేరు వారికి సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే తొలి రోజుల్లో వారికి స్థిరమైన మైదానం లేదు. అదే ఏడు డిసెంబరులో చర్చ్ అనే పొరుగు ఊరి జట్టుతో ఆడిన మొదటి మ్యాచ్‌లో ఇరుపక్షాలు చెరొక గోలు చేశాయి. తరువాత ఊజ్‌హెడ్ అనే చోట దొరికిన పొలం మధ్యలో పశువులు నీళ్లు తాగే గుంట ఉంటే, దాని మీద చెక్కపలకలు పరిచి పచ్చిక కప్పి ఆడుకున్నారు. క్లబ్బు చివరకు స్థిరపడి నేటికీ ఆడుతున్న ఈవుడ్ పార్క్ మైదానానికి 1890లో చేరింది.

చొక్కా సగం నీలం, సగం తెలుపు. చిహ్నంలో లాంకషైర్ ఎర్ర గులాబీ. పట్టణం నుంచి తీసుకున్న లాటిన్ సూక్తికి అర్థం ‘నేర్పుతో, శ్రమతో’. నేతపనికీ ఆటకూ సమానంగా వర్తించే ఆ రెండు మాటలు క్లబ్బుకు ఊరితో ఉన్న ముడిని చెప్పకనే చెబుతాయి.

ఆ కాలంలో అతిపెద్ద గౌరవం ఫుట్‌బాల్ అసోసియేషన్ నడిపే ఎఫ్.ఏ. కప్పు. ఓడిన జట్టు నిష్క్రమించగా గెలిచినవి మాత్రమే ముందుకు సాగే ఈ పోటీ 1871–72లో మొదలై, తొలి దశాబ్దంలో పూర్వ విద్యార్థుల జట్లు, సైనికాధికారుల జట్ల చేతిలోనే ఉండేది. 1882 అంతిమ పోరులో రోవర్స్ జట్టు ఈటన్ పాఠశాల పూర్వ విద్యార్థుల చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడింది. మరుసటి ఏడు అదే ఊరికి చెందిన మరో జట్టు, నేత కార్మికులూ చేతిపనివారూ నిండిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్, ఆ ఈటన్ జట్టునే 2–1తో ఓడించి కప్పును తొలిసారి శ్రామికుల చేతికి తెచ్చింది. ఆ తరువాత రోవర్స్ వంతు వచ్చింది. 1884లోనూ 1885లోనూ స్కాట్లండుకు చెందిన క్వీన్స్ పార్క్‌ను, 1886లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌ను ఓడించి వరుసగా మూడు కప్పులు గెలిచింది. ఆ ఘనతకు గుర్తుగా క్లబ్బుకు ప్రత్యేక వెండి ఫలకం ఇచ్చారు. ఆ తరువాత మరే జట్టూ ఆ కప్పును వరుసగా మూడుసార్లు గెలవలేదు. 1890 అంతిమ పోరులో షెఫీల్డ్ వెన్స్‌డే మీద 6–1తో గెలిచినప్పుడు విలియం టౌన్లీ, కప్పు ఫైనల్లో ఒకే ఆటగాడు మూడు గోలులు చేయడం అనే మొదటి ఘనత సాధించాడు. 1891, 1928 విజయాలతో కలిపి రోవర్స్ గెలిచిన ఎఫ్.ఏ. కప్పులు మొత్తం ఆరు.

ఆటకు కూలి

ఈ విజయాల వెనుక ఇంగ్లండు క్రీడాలోకాన్ని రెండుగా చీల్చిన వివాదం ఉంది. ఆట వినోదం కోసం మాత్రమే ఆడాలి, డబ్బు ముట్టరాదు అన్నది దక్షిణాది భాగ్యవంతుల నియమం. భూమి మీద అద్దెలు, బ్యాంకులో వడ్డీలు ఉన్నవాడికి ఆ నియమం పాటించడం తేలిక. రోజు కూలి మానుకొని ఆడే నేతగాడికి అది పూట కూడు పోగొట్టుకోవడం. గ్లాస్గో ప్రాంతం నుంచి 1878లో బ్లాక్‌బర్న్ పొరుగున ఉన్న డార్వెన్‌కు వచ్చిన ఫెర్గస్ సూటర్ అనే రాతిపనివాడు, ఇంగ్లండు రాయి మరీ గట్టిదని చెప్పి ఉలి పక్కన పెట్టాడు, కానీ బతుకు మాత్రం సాఫీగా సాగిపోయింది. 1880లో అతడు రోవర్స్‌లో చేరాడు. ఆట ద్వారా బతికిన తొలి తరం వృత్తి ఆటగాళ్లలో అతణ్ణి చరిత్రకారులు ముందువరుసలో నిలుపుతారు.

ఇలాంటి చాటుమాటు చెల్లింపులు లాంకషైర్ అంతటా సాగాయి. 1884లో పొరుగునే ఉన్న ప్రెస్టన్ క్లబ్బు నిర్వాహకుడు విలియం సడెల్ తాము డబ్బు ఇస్తున్నట్లు బహిరంగంగా ఒప్పుకోవడంతో అసోసియేషన్ ఆ జట్టును కప్పు పోటీ నుంచి తొలగించింది. ఉత్తరాది క్లబ్బులు వేరుకుంపటి పెడతామని హెచ్చరించాయి. చివరకు 1885 జూలైలో వృత్తి ఫుట్‌బాల్ చట్టబద్ధమైంది. ఆటను మర్యాద నుంచి వృత్తికి దించారని అప్పట్లో విమర్శించినవారు ఉన్నా, నిజానికి జరిగింది శ్రమకు విలువ కట్టడమే. నేర్పు ఉన్నవాడు పేదవాడైనా ఆడగలగాలి అన్న న్యాయం అక్కడ గెలిచింది.

జీతాలు ఇవ్వాలంటే క్రమం తప్పని ఆదాయం కావాలి, కప్పులో ఓడిపోతే ఆ ఏటికి రాబడి ఆగిపోతుంది. అందుకే ఆస్టన్ విల్లా క్లబ్బుకు చెందిన విలియం మెక్‌గ్రెగర్ చొరవతో 1888లో పన్నెండు క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగ్ స్థాపించాయి. లీగ్ అంటే ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో రెండుసార్లు, ఒకసారి తన ఊళ్లో, ఒకసారి పరుల ఊళ్లో ఆడి, మొత్తం పాయింట్ల మీద విజేత తేలే పద్ధతి. ఆ పన్నెండింటిలో ఆరు లాంకషైర్ క్లబ్బులే కాగా, రోవర్స్ వాటిలో ఒకటి. నేడు ప్రపంచమంతటా నడుస్తున్న ఫుట్‌బాల్ లీగ్ పోటీలకు ఆదర్శం మిల్లు ఊళ్ల ఈ ఏర్పాటే.

శిఖరం, పతనం

ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో పట్టణమూ క్లబ్బూ కలిసి శిఖరానికి చేరాయి. లారెన్స్ కాటన్ అనే నూలు వ్యాపారి అధ్యక్షుడై, మైదానాన్ని విస్తరించి, ఆటగాళ్ల కోసం ఇతర క్లబ్బులకు చెల్లించే బదిలీ రుసుములో రికార్డులు నెలకొల్పాడు. ఊళ్లోనే పుట్టి పెరిగిన బాబ్ క్రాంప్టన్ రక్షణ పంక్తిలో నిలిచి క్లబ్బు తరఫున 528 లీగ్ మ్యాచ్‌లు, ఇంగ్లండు తరఫున 41 మ్యాచ్‌లు ఆడాడు. రోవర్స్ 1912లోనూ 1914లోనూ లీగ్ విజేతగా నిలిచింది. సరిగ్గా ఆ రెండు విజయాల నడుమ, 1913లో, బ్రిటన్ నూలు బట్టల ఎగుమతి సుమారు 700 కోట్ల గజాలకు చేరి చరిత్రలో అత్యధికమైంది. అందులో దాదాపు 300 కోట్ల గజాలు ఒక్క భారతదేశానికే వచ్చాయి. రోవర్స్ గెలుపులకు వచ్చిన టికెట్టు డబ్బులో కొంత, సముద్రానికి ఇవతల మగ్గం దించుకున్న నేతగాడి నష్టం నుంచి వచ్చిందే అన్న సత్యాన్ని చరిత్ర రాసేవారు దాచకూడదు.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత జపాను పోటీ, భారతీయ మిల్లుల ఎదుగుదల, దిగుమతి సుంకాలు, వాటికి తోడు స్వదేశీ ఉద్యమపు విదేశీ వస్త్ర బహిష్కరణ లాంకషైర్ నడుము విరిచాయి. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి ఇంగ్లండు వెళ్లిన గాంధీజీ 1931 సెప్టెంబరులో ఫెర్గస్ సూటర్ ఒకప్పుడు ఆడిన ఆ డార్వెన్‌కు వెళ్లి, పని పోయిన మిల్లు కార్మికులను కలుసుకున్నాడు. తమ కష్టానికి కారకుడని పేరుపడిన మనిషిని ఆ కార్మికులు ఆదరంగా చుట్టుముట్టిన ఛాయాచిత్రం నేటికీ నిలిచి ఉంది. రెండు దేశాల నేతగాళ్లలో ఎవరూ ఎవరికీ శత్రువులు కారన్న సంగతి ఆ ఒక్క చిత్రంలో స్పష్టమవుతుంది. సీమలోనే చూస్తే, మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం, నేతగాళ్లే సభ్యులై తమ పనికి తామే పూచీపడే దారి చూపింది. లాంకషైర్ పతనమయ్యే కాలమూ సీమ చేనేత తిరిగి నిలదొక్కుకునే ప్రయత్నమూ ఒకే దశాబ్దానివి.

క్లబ్బు కూడా ఆ దెబ్బ నుంచి తప్పించుకోలేదు. ఇంగ్లండు లీగ్ అనేక అంతస్తులుగా ఉంటుంది. అట్టడుగున నిలిచిన జట్లు కింది అంతస్తుకు దిగాలి, కింద గెలిచినవి పైకెక్కుతాయి. లీగ్ స్థాపక సభ్యుల్లో ఎన్నడూ కిందికి దిగని రెండే క్లబ్బులైన రోవర్స్, ఆస్టన్ విల్లా 1936లో ఒకేసారి దిగిపోయాయి. అప్పటి నుంచి అర్ధశతాబ్దం పాటు రోవర్స్ పైకెక్కుతూ దిగుతూ, 1960లో కప్పు ఫైనల్ చేరినా ఓడిపోయి, 1970లలో మూడో అంతస్తు దాకా జారింది. 1961లో ఆటగాళ్ల వారపు జీతం ఇరవై పౌండ్లు దాటరాదన్న పరిమితి రద్దు కావడం ఆటగాళ్లకు న్యాయమే అయినా, పెద్ద నగరాల క్లబ్బులతో జీతాల్లో పోటీపడలేని చిన్న పట్టణాలకు అది కొత్త భారమైంది. ఆ సంవత్సరాల్లోనే మిగిలిన మిల్లుల రాత్రి షిఫ్టులకు గుజరాత్ నుంచి, పాకిస్తాన్ నుంచి కార్మికులు వచ్చి బ్లాక్‌బర్న్‌లో స్థిరపడ్డారు. ఒకప్పుడు బట్ట ఏ దారిన తూర్పుకు వచ్చిందో ఆ దారిన మనుషులు పడమటికి వెళ్లారు.

ఊరి బిడ్డ ఇచ్చిన కిరీటం

బ్లాక్‌బర్న్‌లోనే 1929లో పుట్టిన జాక్ వాకర్ ఉక్కు వ్యాపారంలో గడించి, సంస్థను సుమారు 33 కోట్ల పౌండ్లకు అమ్మి, 1991 జనవరిలో తన చిన్ననాటి క్లబ్బును పూర్తిగా తన అధీనంలోకి తీసుకున్నాడు. జట్టును తీర్చిదిద్ది ఆటగాళ్లను ఎంపిక చేసే మేనేజర్‌గా, లివర్‌పూల్‌కు ఎన్నో విజయాలు అందించిన కెన్నీ డాల్‌గ్లిష్‌ను రప్పించాడు. 1992లో కొత్తగా మొదలైన ప్రీమియర్ లీగ్‌కు, అంటే ఇంగ్లండు ఫుట్‌బాల్ అత్యున్నత అంతస్తుకు, రోవర్స్ చేరింది. అదే వేసవిలో ఆలన్ షియరర్‌ను, 1994లో క్రిస్ సటన్‌ను, అప్పటికి దేశంలోనే రికార్డు ధరలకు కొన్నారు. 1995 మే 14న చివరి మ్యాచ్‌లో రోవర్స్ లివర్‌పూల్‌లో 2–1తో ఓడిపోయినా, పోటీలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ కూడా లండన్‌లో గెలవలేకపోవడంతో, 89 పాయింట్లతో, ఒక్కటంటే ఒక్క పాయింటు ఆధిక్యంతో, 81 ఏళ్ల తరువాత లీగ్ విజేత అయింది. ఆ సీజన్‌లో షియరర్ లీగ్‌లో 34 గోలులు చేశాడు.

ఒక్కడి సంపద మీద నిలిచిన శిఖరానికి పునాది లోతు తక్కువ. షియరర్ 1996లో న్యూకాసిల్‌కు వెళ్లాడు; విజేత అయిన నాలుగేళ్లకే, 1999లో, రోవర్స్ మళ్లీ కిందికి దిగింది. 2000 ఆగస్టులో వాకర్ మరణించాడు. 2001లో తిరిగి పైకెక్కి, 2002లో లీగ్ కప్పు అనే వేరే పోటీలో గెలిచి, దాదాపు దశాబ్దం పాటు క్లబ్బు మర్యాదగా నిలిచింది. కానీ వాకర్ ఆస్తిని చూసే ట్రస్టీలు క్లబ్బుకు కొత్త యజమాని కోసం వెతుకుతూనే ఉన్నారు.

వేంకటేశ్వరుని పేరున్న సంస్థ

ఆ వెతుకులాట పుణె కేంద్రంగా ఉన్న ఒక సంస్థ దగ్గర ముగిసింది. బండా వాసుదేవరావు 1971లో స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్, కోడిపిల్లలను పొదిగించి రైతులకు అందించే సంస్థగా మొదలై, టీకాలు, దాణా, మాంసం దాకా విస్తరించి, ‘వెంకీస్’ పేరుతో దేశమంతటా తెలిసింది. గుడ్ల ధరను దళారులు కాక రైతులే నిర్ణయించుకునేలా 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ వెనుక ఉన్నదీ ఆయనే. ఆయన 1996లో మరణించిన తరువాత కుమార్తె అనురాధా దేశాయ్, కుమారులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు సంస్థను నడుపుతూ, 2010 నవంబరులో సుమారు 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు రోవర్స్‌ను కొన్నారు. ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఒక భారతీయ సంస్థ చేతికి రావడం అదే మొదటిసారి.

కొన్న నెలకే అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అల్లార్డైస్‌ను తొలగించడం పెద్ద మలుపైంది. 2012 మేలో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది; ఆ రాత్రి మైదానంలోకి అభిమానులు కోడిని వదలడం యజమానుల మీద వారి ఆగ్రహానికి ప్రపంచమంతా చూసిన గుర్తయింది. ఆ తరువాతి సీజన్‌లో మేనేజర్లు నెలల వ్యవధిలో మారారు. 1995 విజేత జట్టులో ఆడిన హెన్నింగ్ బెర్గ్ సైతం 57 రోజులే నిలిచాడు. 2017లో రోవర్స్ మూడో అంతస్తుకు జారి, ప్రీమియర్ లీగ్ విజేతల్లో అంత కిందికి దిగిన మొదటి క్లబ్బు అయింది. మరుసటి ఏడాదే టోనీ మోబ్రే నాయకత్వంలో రెండో అంతస్తుకు తిరిగి వచ్చింది.

న్యాయంగా తూచితే, త్రాసులో రెండో తట్ట కూడా ఖాళీగా లేదు. యజమానులు క్లబ్బును అప్పుల పాలు చేసి వదిలి వెళ్లలేదు. నష్టాలు పూడ్చడానికి ఏళ్ల తరబడి పది కోట్ల పౌండ్లకు మించిన సొమ్ము పోశారు. లోపించినది డబ్బు కాదు. ఆట తెలిసినవారిని నిలకడగా నమ్మడం, ఊరి మాట వినడం, మైదానంలో కనిపించడం లోపించాయి. కోళ్ల పరిశ్రమలో రైతులను ఒకచోట చేర్చిన కుటుంబానికి ఆ విలువ తెలియనిది కాదు. కానీ వేల మైళ్ల దూరం నుంచి నడిపే సంస్థలో ఊరి గుండెచప్పుడు వినిపించడానికి ప్రత్యేకమైన శ్రద్ధ అవసరం.

గుడికి యజమాని ఉండడు

తెలుగు సమాజానికి ఈ సమస్యను అర్థం చేసుకొనే మాట ఒకటి ఎప్పటి నుంచో ఉంది, అది ధర్మకర్త. గుడికి ధర్మకర్త ఉంటాడు గాని యజమాని ఉండడు. మాన్యాల ఆదాయం చూసేది అతడే, తాళాలు అతని దగ్గరే ఉంటాయి, అయినా ఉత్సవం ఊరిది. సంపన్నులు తమ సంపదకు ధర్మకర్తలుగా మెలగాలని గాంధీజీ చెప్పిన సిద్ధాంతమూ ఈ భావానికి దగ్గరిదే. ఆశ్చర్యమేమిటంటే, ఇంగ్లండు ఫుట్‌బాల్ కూడా మొదట ఈ దారిలోనే నడిచింది. 1890లలో క్లబ్బులు వాటాల కంపెనీలుగా మారినప్పుడు అసోసియేషన్ వాటాదారుల లాభాన్ని ఏటా 5 శాతానికి పరిమితం చేసి, డైరెక్టర్లు జీతం తీసుకోరాదని నియమం పెట్టింది. 1980లలో ఆ కట్టుబాట్లు సడలి, క్లబ్బు కొనడానికీ అమ్మడానికీ వీలైన సరుకుగా మారింది. అనేక ఊళ్ల అనుభవాల తరువాత 2025లో బ్రిటిష్ పార్లమెంటు ఫుట్‌బాల్ పాలన చట్టం చేసి స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసింది. యజమానుల అర్హతను పరీక్షించడం, మైదానం అమ్మకానికి అనుమతి తప్పనిసరి చేయడం, చిహ్నం, చొక్కా రంగుల వంటి వారసత్వం మీద అభిమానుల మాటకు స్థానం ఇవ్వడం దాని పనుల్లో ఉన్నాయి. మరో విధంగా చెప్పాలంటే, పాత ధర్మకర్త నియమాన్ని చట్టం కొత్త భాషలో తిరిగి రాసింది.

2022 మే నెలలో ఈవుడ్ పార్క్ పచ్చిక మీద రంజాన్ పండుగ సామూహిక ప్రార్థన జరిగింది. బ్రిటన్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు తన మైదానంలో ఈద్ నమాజుకు చోటివ్వడం అదే మొదలు. ప్రార్థనకు చేరిన వారిలో ఎందరో ఒకనాటి మిల్లు కార్మికుల పిల్లలు, మనుమలు. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుని గడప తొక్కడం చూసిన సీమవాసులకు ఆ దృశ్యంలోని అర్థం విడమరచి చెప్పనవసరం లేదు. మిల్లులు మూతపడ్డాయి, ధోవతుల వ్యాపారం పుస్తకాల్లో మిగిలింది, వాటాల కాగితాల మీద పేర్లు మారాయి. కానీ శనివారం మధ్యాహ్నం నీలం తెలుపు చొక్కాలు వేసుకొని ఈవుడ్ పార్క్‌కు నడిచే జనం మాత్రం ఆ పట్టణపు వారే. వారిదైన క్లబ్బును వారికే భద్రంగా అప్పగించడం, ఆ కాగితాల మీద తెలుగు పేరు ఉన్నంతకాలం, తెలుగువారి మాట నిలుపుకోవడం కూడా అవుతుంది.